కుట్టు మిషనుకు గాజు పెట్టె ఎందుకు?

మొన్న సంక్రాంతి సమావేశం అయిపోయి, కుర్చీలు సర్దుతున్న వేళ, మన సంఘం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. పోయిన ఏడాది కాలం చేసిన పిన్నిగారి కుట్టు మిషనును ఆవిడ పిల్లలు సంఘానికి యిస్తామన్నారు. దాన్ని తుడిచి, మెరుగు పెట్టించి, హాల్లో ఒక గాజు పెట్టెలో వుంచి, కింద ఇత్తడి రేకు మీద ఆవిడ పేరు చెక్కించాలని పలువురి కోరిక. మంచి కోరికే. చప్పట్లు కూడా బాగానే మోగాయి. కాని యీ పత్రిక పని చూసే మాకు మాత్రం మనసులో ఎక్కడో కలుక్కుమంది. ఎందుకో ఆ పూట చెప్పలేకపోయాం. తర్వాత ఆ మిషనును, దాని డబ్బాను దగ్గర పెట్టుకుని రెండు ఆదివారాలు చూశాం. చూసినమీదట తోచిన నాలుగు మాటలు యివి.

కొత్తగా వచ్చిన కుటుంబాలవారికి పిన్నిగారు తెలియకపోవచ్చు. డాక్టరుగారితో కలిసి 1969లో యింగ్లండు వచ్చారు. ఆ రోజుల్లో మన వూళ్ళో చీర మీదికి రవిక కుట్టే మనిషి లేడు. ఇండియా వెళ్ళినప్పుడు డజను కుట్టించుకుని తెచ్చుకోవటం, అవి బిగుతయితే కుట్లు విప్పి వదులు చేసుకోవటం, అంతే. ఆవిడ పాత సామాన్ల కొట్లో ఒక చేతి మిషను కొన్నారు. సింగర్ 99కె. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైనది. ఆ ఫ్యాక్టరీ వున్న చోటి పేరు కిల్‌బౌవీ. నంబరు పక్కన వున్న 'కె' అక్షరం దాని గుర్తే. తర్వాత పదిహేను, యిరవై ఏళ్ళపాటు మన ఆడవాళ్ళు కట్టిన చీరల మీదికి రవికలు చాలావరకు ఆ మిషను మీద కుట్టినవే.

అటువంటి మిషను అంటే అందరికీ ఎందుకింత యిష్టం? అది మన ఒక్కరి యిష్టం కూడా కాదు. యీ దేశంలో పాత మిషన్లను వెతికి కొనేవాళ్ళున్నారు, బాగుచేసి వాడేవాళ్ళున్నారు. అమెరికాలో గళ్ళ దుప్పట్లు కుట్టే ఆడవాళ్ళు 1933 నాటి సింగర్ 221ని, అయిదు కిలోల చిన్న మిషనును, యిప్పటికీ ప్రాణంగా చూసుకుంటారు. మరోవైపు, పాత మిషన్లను వరసలు వరసలుగా కిటికీ అద్దాల వెనక పేర్చి అలంకారం చేసుకున్న బట్టల దుకాణాలు కూడా వున్నాయి. ఒక్క మిషనూ తిరగదు. ఒక్క దానికీ దారం లేదు. చూసేవాళ్ళు మాత్రం ఆగి చూస్తారు.

నల్లటి రంగు, బంగారు తీగల బొమ్మలు, నున్నటి చక్రం, వంపు తిరిగిన చెక్క మూత, యివి అందమైనవే. వాటిని కాదనం. కాని అందం ఒక్కటే కారణమైతే ఆ యిష్టం గోడ గడియారం మీది యిష్టం లాంటిదే. మా ఉద్దేశంలో అసలు కారణం మిషను ఒంటి మీద లేదు. దాని పక్కన పెట్టే రేకు డబ్బాలో వుంది.

పిన్నిగారి డబ్బా బిస్కెట్లది. అందులో తొమ్మిది పాదాలున్నాయి. మన దర్జీలు 'ఫుట్' అంటారు, మేము పాదం అందాం. సూది పక్కన గుడ్డను అదిమి పట్టే చిన్న ఇనప ముక్క అది. మిషను చేసే పని నిజానికి ఒకటే. పైనుంచి సూది దారాన్ని దించుతుంది. కింద కొక్కెం ఆ దారాన్ని పట్టి బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో పెనవేసుకుంటాయి. కింద వుండే పళ్ళు గుడ్డను ఒక కుట్టుమేర వెనక్కి జరుపుతాయి. పళ్ళకు గుడ్డ అందాలంటే పైనుంచి ఏదో ఒకటి అదమాలి. పాదం లేకపోతే సూది పైకి లేచేటప్పుడు గుడ్డ కూడా దానితో లేస్తుంది, దారానికి ఉచ్చు పడదు, కుట్టు తప్పుతుంది. పాదం మొదటి పని యిదే, అదమటం.

కాని ఆ డబ్బాలో వున్న తక్కిన ఎనిమిదీ అదమటంతో ఆగవు. సన్నంచు పాదం చూడండి. దాని ముందు భాగాన రేకు గవ్వ నోరులా చుట్టుకుని వుంటుంది. గుడ్డ అంచును అందులోకి ఎక్కిస్తే అది తానే రెండు మడతలు చుట్టి సూది కిందికి పంపుతుంది. వేళ్ళతో మడవక్కర్లేదు, గుండు సూదులు గుచ్చక్కర్లేదు. ఓణీ అంచులు ఆవిడ యిలాగే కుట్టేవారు. ఒంటికాలి పాదం మరొకటి. సూదికి ఒక పక్కనే వుంటుంది, కాబట్టి రవిక మెడకు పైపింగ్ వేసేటప్పుడు తాడుకు ఆనుకుని కుట్టు పడుతుంది.

కుచ్చుల పాదం యింకా తమాషాగా వుంటుంది. దానికో చెయ్యి వుంది. ఆ చెయ్యి సూదిని బిగించే మర మీద కూర్చుంటుంది. సూది దిగినప్పుడల్లా చెయ్యి దిగుతుంది, చెయ్యి దిగితే ఒక రేకు గుడ్డను కొంచెం ముందుకు తోస్తుంది. కుట్టుకొక మడత కావాలా, ఆరు కుట్లకొకటి కావాలా, పన్నెండుకొకటి కావాలా అన్నది ఒక మీట జరిపి చెప్పాలి. దీనికి వేరే మోటారు లేదు. సూది ఎలాగూ పైకీ కిందికీ ఆడుతోంది గనక ఆ ఆటనే అప్పు తీసుకుంటుంది.

ఇక కాజాలు. యీ మిషను సూది పక్కకు కదలదు. తిన్నగా కుట్టటం తప్ప దానికి మరో విద్య రాదు. కాజాకేమో కుట్టు అటూ యిటూ పడాలి. మరెలా? కాజాల పరికరం సూదిని కదపదు, గుడ్డను కదుపుతుంది. కింది పళ్ళను ఒక పలకతో మూసేసి, గుడ్డను తాను పట్టుకుని, లోపల వున్న అచ్చు ప్రకారం పక్కలకు జరుపుతూ, కాజా చుట్టూ తిప్పుకొస్తుంది. మిషను మాత్రం ఎప్పటిలాగే తిన్నగా కుడుతూ పోతుంది. మాలో ఇంజనీర్లు యిద్దరున్నారు. మొదటిసారి దీన్ని విప్పి చూసినప్పుడు వాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు.

మేము చెప్పదలచింది యిదే. పాత మిషను ఒక్క పనే చేస్తుంది, దాన్ని చక్కగా చేస్తుంది. తక్కిన విద్యలన్నీ పాదాలవి. ఏ పాదం ఎప్పుడు బిగించాలో ఎంచుకునేది కుట్టే మనిషి. ఇప్పటి మిషన్లలో ఆ విద్యలు చాలావరకు పెట్టె లోపలికి వెళ్ళాయి. బటన్ నొక్కితే కాజా పడుతుంది, ఎలా పడిందో కనపడదు. అది తప్పని మేము అనం. కాని కంటికి కనపడేలా పనిచేసే వస్తువు చూసేవాడికి కూడా పని నేర్పుతుంది. యీ గుణం నల్లరంగులో లేదు, బంగారు తీగల్లోనూ లేదు.

రెండో గుణం కొలతది. పాదం అడుగు నుంచి దాన్ని బిగించే మర దాకా 99కెలో సుమారు ముప్పావు అంగుళం. సింగర్‌లో 15 నంబరు రకానికీ ఇంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను కర్మాగారాలు ఆ 15 రకాన్ని చూసి లక్షల మిషన్లు చేశాయి. అలా ఆ ముప్పావు అంగుళం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా పోయింది. మన ఉషా మిషను కూడా ఆ వంశంలోదే. కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వారు 1930లలో మొదలుపెట్టారు. పిన్నిగారు పుట్టింట్లో నేర్చుకున్నది ఉషా మీద. ఇక్కడికొచ్చి సింగర్ కొంటే, తొక్కటానికి బదులు చేత్తో తిప్పటం ఒక్కటే కొత్త. ఇండియా నుంచి తెచ్చుకున్న పాదాలు యిక్కడ బిగిశాయి. మేము ఆ డబ్బాలోని కుచ్చుల పాదాన్ని తీసుకెళ్ళి, మాలో ఒకరింట్లో నాలుగేళ్ళ కిందట కొన్న ప్లాస్టిక్ మిషనుకు బిగించి చూశాం. బిగిసింది. కుచ్చులు పడ్డాయి. మిషను సూది కూడా అంతే. 99కెకు పట్టే సూది యిప్పుడు సూపర్ మార్కెట్లో దొరికే మామూలు సూదే. అరవై, డెబ్భై ఏళ్ళ మిషను యివాళ కూడా కుడుతోందంటే ఇనుము గట్టిదని మాత్రమే కాదు. దాని సూదికీ పాదానికీ యింకా బయట చుట్టాలున్నారు.

పాతదల్లా బంగారం అనుకుంటే మాత్రం పొరపాటు. సింగర్ వారే 1865లో తెచ్చిన 'న్యూ ఫామిలీ' మిషను అందంలో దీన్ని మించింది, కాని దాని సూది వేరు, ఆ సూది యిప్పుడు దొరకటం కష్టం. కాబట్టి అది చూడటానికే మిగిలింది. అదే కంపెనీ 1952లో సూదిని వాలుగా పెట్టిన 301 మిషను తెచ్చింది. కుట్టేవాళ్ళకు సూది బాగా కనపడుతుంది, నిజమే. కాని దాని పాదాలు వేరు, మామూలు మిషన్ల పాదాలు దానికి పట్టవు. అంటే యిప్పటి కంపెనీలు చేస్తున్నాయని మనం విసుక్కునే పని పాతకాలంలో కూడా జరిగింది. పాతది, కొత్తది అని కాదు, పది మందితో కలిసేదా, తన పెట్టెలో తానుండేదా అన్నదే చూడవలసింది.

99కె లోపాలు కూడా చెప్పి తీరాలి. సాగే గుడ్డలకు అది పనికిరాదు. పిల్లల టీషర్టు కుడితే, లాగినప్పుడు దారం తెగుతుంది. చీర పికోకు జిగ్‌జాగ్ కావాలి, అది దీనికి లేదు. జిగ్‌జాగ్ పాదాలు లేకపోలేదు గాని, గుడ్డను వూపుతూ కుట్టించే ఆ పద్ధతి పట్టుచీర అంచు మీద చెయ్యాలంటే చాలా ధైర్యం కావాలి. చేతి మిషను కాబట్టి కుడిచెయ్యి చక్రానికే సరి, గుడ్డను నడపటానికి ఎడంచెయ్యి ఒక్కటే మిగులుతుంది. ఇదే కాలం నాటి కరెంటు మిషన్లలో తీగల మీది రబ్బరు పొడిపొడిగా రాలిపోయి వుంటుంది, చూపించకుండా ప్లగ్గులో పెట్టకూడదు. ఇవన్నీ మరిచిపోయి పాత మిషనును పొగిడితే అది పొగడ్తే అవుతుంది, విమర్శ కాదు.

ఇప్పుడు అసలు కలుక్కుమన్న సంగతికి వద్దాం.

కుట్టు మిషను గురించి మనందరికీ యిష్టమైన కథ ఒకటుంది. గాంధీగారు యంత్రాలను గురించి మాట్లాడుతూ సింగర్ మిషనును మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ప్రేమ కొద్దీ సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పిన మాట 1924లో 'యంగ్ ఇండియా'లో వచ్చింది. కథ మధురమైనదే, కాని చరిత్ర అలా లేదు. ఐజాక్ సింగర్ నాటకాల్లో వేషాలు కట్టినవాడు, యంత్రాల పనివాడు. బోస్టన్‌లో మరమ్మతుకు వచ్చిన వేరేవాళ్ళ మిషనును చూసి, దాన్ని మెరుగుపరచి, 1851లో పేటెంటు పొందాడు. అంతకు ముందే 1846లో పేటెంటు పొందిన ఎలయాస్ హౌ అతని మీద వ్యాజ్యం వేశాడు. చివరికి 1856లో పెద్ద తయారీదారులు తమ పేటెంట్లన్నీ ఒకచోట కలుపుకుని రాజీపడ్డారు. ఇక సింగర్ సంసారాల సంగతి, ఆ మధురమైన కథకు ఏమంత అనుకూలమైనది కాదు. అయితే గాంధీగారి మాటల్లో రెండో సగం మనం చెప్పుకోం. అటువంటి మిషన్లు చేసే కర్మాగారాలు ప్రభుత్వం చేతిలో వుండాలని, అక్కడ పనిచేసేవాళ్ళ బతుకు బాగుండాలని కూడా ఆయన అదే సందర్భంలో అన్నారు. మనకు ప్రేమకథ గుర్తుంది, పనివాళ్ళ మాట గుర్తులేదు.

ఆ పనివాళ్ళు మన మిషను పుట్టిన వూళ్ళోనే వున్నారు. క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1911 మార్చిలో చెక్క పెట్టెలకు మెరుగు పెట్టే విభాగంలో కొందరిని తప్పించి, వాళ్ళ పనిని మిగిలిన పన్నెండు మంది ఆడవాళ్ళ మీద వేశారు. వాళ్ళు పని ఆపారు. చూస్తుండగానే సుమారు పదకొండు వేల మంది వాళ్ళ వెంట బయటికి వచ్చారు. సమ్మె గెలవలేదు. ముందు నిలిచినవాళ్ళలో చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. గ్లాస్గో నుంచి వెళ్ళే రైలు దారిలో 'సింగర్' అనే స్టేషను పేరు మాత్రం యిప్పటికీ మిగిలింది. పిన్నిగారి మిషను 1911 నాటిది కాదు, చాలా తర్వాతిది. అయినా ఆ చెక్క మూతకు మళ్ళీ మెరుగు పెట్టించి గాజు వెనక వుంచుదామన్నప్పుడు మాకు యీ పన్నెండు మందీ గుర్తొచ్చారు. మెరుపు చూస్తాం, మెరుగు పెట్టిన చెయ్యి చూడం.

ఇది వాళ్ళ కథ మాత్రమే అయితే యింత రాసేవాళ్ళం కాదు. పాదాల డబ్బా అడుగున మాకొక నోటు పుస్తకం దొరికింది. పిన్నిగారి కొలతల పుస్తకం. ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు, మెడ లోతు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. మా అమ్మల పేర్లున్నాయి, మా పేర్లున్నాయి. పేరంటానికనీ పెళ్ళికనీ తొందరగా కావలసిన వాటికి పక్కన తేదీ వేసుకున్నారు. కొన్ని పేజీల్లో కొలతలు రెండు, మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశారు. కాన్పులయ్యాక మేము మారిన కొలతలన్నమాట. మొత్తం లెక్కపెట్టాం. నూట పద్నాలుగు మంది. డబ్బు లెక్క మాత్రం ఒక్క పేజీలోనూ లేదు.

మేము యిచ్చామా? ఒకరినొకరు అడిగాం. పసుపు కుంకుమ యిచ్చాం. ఇండియా వెళ్ళొచ్చినప్పుడు ఊరగాయ యిచ్చాం. గుడ్డ మిగిలితే ఉంచుకోమన్నాం. డబ్బు యిస్తామన్నట్టు మాలో ఎవరికీ గుర్తులేదు. 'పిన్నిగారికి మనమంటే ప్రేమ' అనుకున్నాం. ప్రేమ వుండే వుంటుంది. కాని చేతి మిషను మీద ఒక రవిక పూర్తి చెయ్యాలంటే, కత్తిరింపూ హుక్కులూ హెమ్మింగూ కలుపుకుని, ఒక సాయంత్రం పోతుంది. మేమంతా ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో గంట గంటకూ లెక్క కట్టించుకుని జీతాలు తీసుకున్నవాళ్ళమే. ఆ సాయంత్రాలకు మాత్రం ప్రేమ అని పేరు పెట్టి వూరుకున్నాం. సింగర్ భార్య కథ మనకు ఎందుకు అంత నచ్చుతుందో అప్పుడు అర్థమైంది. ఆ కథలో శ్రమ వుండదు, ప్రేమ ఒక్కటే వుంటుంది. గాజు పెట్టె కూడా అదే చేస్తుంది. మిషనును చూపిస్తుంది, చక్రం తిప్పిన కుడిచేతి భుజం నొప్పిని చూపించదు.

అందుచేత సంఘానికి మా సలహా యిది. మిషను గాజు పెట్టెలో వద్దు. హాల్లో ఒక బల్ల మీద వుండాలి, దానికి దారం ఎక్కించి వుండాలి. నెలకో శనివారం తెలుగు బడి అయిపోయాక గంటసేపు పిల్లలకు, మగపిల్లలకు కూడా, కుట్టు నేర్పాలి. చేతి మిషను మెల్లగా నడుస్తుంది కాబట్టి వేలికి సూది గుచ్చుకునే భయం తక్కువ, కొత్తవాళ్ళకు యింతకంటే మంచిది లేదు. పిన్నిగారి మనవరాలు మొదటి శనివారం తాను వస్తానంది. సన్నంచు పాదం ఎలా వాడాలో అమ్మమ్మ ఆ అమ్మాయికి నేర్పారట. మాకెవరికీ అది సరిగ్గా రాదు. మొదటి పాఠం మేము కూడా నేర్చుకుంటాం. నేర్పేవారికి గంటకింతని సంఘం నిధి నుంచి యివ్వాలి. ఇది మాత్రం మేము గట్టిగా కోరుతున్నాం.

గాజు పెట్టె చేయించి తీరాలంటే చేయిద్దాం. అందులో ఆ కొలతల పుస్తకం మూసి పెడదాం. లోపలి పేజీలు మన ఆడవాళ్ళవి, అవి అందరూ చూడక్కర్లేదు. ఇత్తడి రేకు మీద ఆవిడ పేరు కింద 'నూట పద్నాలుగు మందికి కుట్టారు' అని రాయిద్దాం. పక్కనే మనం బాకీ వున్నామని రాయాలా వద్దా అన్నది కార్యవర్గం నిర్ణయించాలి. మా ఓటు రాయాలనే.

పాఠకులు తమ అభిప్రాయాలు వచ్చే సంచికలోగా రాయగోరుతున్నాం. మీ అటకల మీద పాత మిషను పాదాల డబ్బాలుంటే సమావేశానికి తీసుకురండి. పాదం అడుగు నుంచి మర దాకా స్కేలు పెట్టి చూడండి. ముప్పావు అంగుళం దగ్గర్లో వుంటే మన బల్ల మీది మిషనుకు పనికొచ్చే అవకాశం వుంది.